పొలమారితే ఎవరు తలుచుకున్నట్టు?

పిల్లాడికి అన్నం తింటూ పొలమారిందనుకోండి. మన ఇళ్లల్లో ఏం చేస్తాం? నడినెత్తిన అరచేత్తో రెండు తట్లు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారురా నిన్ను" అంటాం. మేనమామ పేరో, అమ్మమ్మ పేరో చెబుతాం. వాడు రెండు గుక్కలు మంచినీళ్లు తాగి మళ్లీ ముద్దకి నోరు తెరుస్తాడు. కథ కంచికి, మనం ఇంటికి.

కంచికి వెళ్లని కథ ఒకటి మా ఇంట్లో జరిగింది. ముందు అది చెప్పి, ఆ తర్వాత మిమ్మల్ని సముద్రాల అవతలికి తీసుకువెళతాను. కాస్త ఓపిక పట్టండి.

అది 1964. నాకు తొమ్మిదేళ్లు, మా తమ్ముడికి ఇంకా రెండు నిండలేదు. వరండాలో మా మామ్మ చేట ముందేసుకుని వేయించిన వేరుశనక్కాయలు ఒలుస్తోంది. వాడు చేట చుట్టూ తిరుగుతూ దొరికిన పప్పు దొరికినట్టు నోట్లో వేసుకుంటున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా! వెనకనుంచి వెళ్లి చక్కిలిగింతలు పెట్టాను. వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మొహం కందగడ్డ అయింది. దగ్గు మీద దగ్గు, కళ్లల్లో నీళ్లు. మామ్మ చేట పక్కకి తోసి, వాణ్ణి ఒళ్లో బోర్లా వేసుకుని వీపు చరిచింది. కాసేపటికి దగ్గు తగ్గింది. లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. చక్కిలిగింతల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే వీపు విమానం మోత మోగుతుందని నాకు తెలుసు.

నాలుగు రోజులు గడిచాయి. వాడికి రాత్రిళ్లు పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ తర్వాత జ్వరం. ఊళ్లో డాక్టరు గారు చూసి, "ఉబ్బసం. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగారు. లేకేం, మా తాతగారికి ఉంది. ఇంకేం, దారి సుగమమైంది. మామ్మ గుమ్మం పక్కనుంచి, "బాబూ, ఆ రోజు వేరుశనగపప్పు తింటూ పొలమారింది వీడికి, అప్పట్నించే ఇలా..." అని నసిగింది. ఆయన నవ్వి, "అది ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది మామ్మగారూ!" అన్నారు. ఎక్స్‌రే తీయించారు. అందులో పప్పు లేదు. మామ్మ నోరు మూయించడానికి ఆ ఫోటో చాలింది.

నెల్లాళ్లు మందులు వాడారు. జ్వరం తగ్గడం, రావడం, తగ్గడం, రావడం. పిల్లాడు చిక్కి శల్యమయ్యాడు. ఇక లాభం లేదని నాన్న మద్రాసు తీసుకువెళ్లారు. నన్ను చూసుకునే దిక్కులేక నన్నూ వెంట తీసుకెళ్లారు. అక్కడ తెల్లజుట్టు డాక్టరు ఒకాయన కాయితాలేవీ చూడకముందే అమ్మని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ జబ్బు మొదలవకముందు పిల్లాడికి ఏదైనా తింటూ ఊపిరాడకుండా పొలమారిందా తల్లీ?"

అమ్మ బావురుమంది. మామ్మ మొత్తుకున్నదంతా అప్పుడు చెప్పింది. ఆయన నావైపు తిరిగి, "అప్పుడు నువ్వక్కడ ఉన్నావా పాపా? ఏం చూశావు?" అన్నారు. అంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఏడుస్తూనే చెప్పేశాను: నోట్లో పప్పు ఉండగా నేను నవ్వించాను, నవ్వుతూ లోపలికి ఊపిరి పీల్చాడు అని. ఆయన కోప్పడలేదు. "ఇప్పుడు నువ్వు చెప్పిందే నాకు కావాలి" అన్నారు. మర్నాడు గొట్టం వేసి, కుడి ఊపిరితిత్తి దారిలోంచి ఉబ్బిపోయి ఉన్న సగం పప్పుబద్దని బయటికి తీశారు. వారం తిరక్కుండా తమ్ముడు మామూలు మనిషి అయ్యాడు. ఇప్పుడు వాడు మనవలకి తాత.

వచ్చేసేటప్పుడు నాన్న దణ్ణం పెడితే ఆయన అన్నారట, "నాకెందుకండీ, అమెరికాలో జాక్సన్ అని ఒకాయన ఉండేవాడు. ఆ ప్రశ్న అడగడం మాకందరికీ నేర్పింది ఆయన" అని. మా మామ్మకి ఆ పేరు నోరు తిరగలేదు. పోయేదాకా ఆయన్ని "జాక్సనయ్య" అనే అంది.

ఈ జాక్సనయ్య గారిల్లు, అంటే ఆయన దాచిన వస్తువులున్న చోటు, చూసే యోగం నాకు ముసలితనంలో పట్టింది. మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లాను. మన తెలుగు తల్లులందరికీ ఈ రోజుల్లో కాశీయాత్ర అదే కదా! ఓ ఆదివారం మా అల్లుడు, "అత్తయ్యగారూ, ఫిలడెల్ఫియాలో ఒక వింత మ్యూజియం ఉంది, చూస్తారా?" అన్నాడు. అక్కడి వైద్యుల సంఘం ఒకటి 1787 నుంచీ ఉంది. దానికి చెందినదే ఈ మ్యుటర్ మ్యూజియం. ఎముకలూ, పుర్రెలూ చూస్తూ "రామరామ" అనుకుంటూ నడుస్తున్నదాన్ని, ఒక బీరువా దగ్గర ఆగిపోయాను. సొరుగులు లాగి చూడొచ్చు. లాగాను.

గుండీలు. నాణేలు. మేకులు. ఎముక ముక్కలు. గింజలు. చిన్న చిన్న బొమ్మల చేతులూ కాళ్లూ. వేలెడైనా లేని ఆటబొమ్మ బైనాక్యులర్లు. ఒకే ఒక్క రోజు కూడా బడి మానని పిల్లలకిచ్చే పతకం. "నన్ను దగ్గరుంచుకుంటే అదృష్టం" అని రాసి ఉన్న బిళ్ల ఒకటి. దాన్ని దగ్గరుంచుకోవడం కాదు, ఏకంగా లోపలే పెట్టుకున్నారు ఎవరో! ఇక పిన్నీసులు. తెరుచుకున్నవి, మూసుకున్నవి, చిన్నవి, పెద్దవి, వరసలు వరసలుగా. మొత్తం 2,374 వస్తువులు. అన్నీ మనుషుల గొంతుల్లోంచి, ఆహారనాళాల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసినవే. వాటిలో చాలా భాగం పిల్లలవి. నాకు తెలియకుండానే నా చెయ్యి మెళ్లో సూత్రాల గొలుసు మీదకి వెళ్లింది. దానికి నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి. ఇంట్లో నెలల పసిగుడ్డు. ఆ రోజే తీసి డబ్బాలో పెట్టాను.

ఇంటికొచ్చాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను. షెవాలియర్ జాక్సన్ 1865లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. బక్కపల్చని పిల్లాడు. బొగ్గుగనుల ప్రాంతం, మొరటు పిల్లలు, బళ్లో వాళ్లు పెట్టిన బాధలు అన్నీ ఇన్నీ కావు. బహుశా అందుకేనేమో, నొప్పి పడుతున్న పిల్లల్ని చూస్తే ఆయన ప్రాణం విలవిల్లాడేది. ఇంట్లో డబ్బు లేదు. గాజు సామాన్ల మీదా, పింగాణీ మీదా బొమ్మలు వేసి చదువు ఖర్చు సంపాదించుకున్నాడు. 1886లో ఫిలడెల్ఫియాలో వైద్యం పట్టా పుచ్చుకుని గొంతు వైద్యుడయ్యాడు. బొమ్మలు వేసిన చెయ్యి వృథా పోలేదు. రెండు చేతులతోనూ ఒకే నేర్పుతో పని చేసేవాడు.

ఆ రోజుల్లో ఊపిరిగొట్టంలో ఏదన్నా పడితే ఏం చేసేవారు? చాలాసార్లు ఏమీ చేయలేకపోయేవారు. గొంతు కోసి ప్రయత్నించడం, లేకపోతే దేవుడి మీద భారం వేయడం. 1897లో జర్మనీలో గుస్టావ్ కిలియన్ అనే ఆయన ఒక రైతు ఊపిరిదారిలో ఇరుక్కున్న ఎముక ముక్కని నోట్లోంచి గొట్టం పంపి తీశాడు. ఊపిరిదారిలోకి అలా గొట్టం పంపి వస్తువు తీయడం అదే మొదలు. జాక్సన్ అంతకుముందే, 1890లోనే, ఆహారనాళంలోకి పంపే గొట్టం తయారు చేసుకున్నాడు. ఆ తర్వాత ఊపిరిగొట్టం పని చేపట్టి, గొట్టం చివర చిన్న దీపం అమర్చాడు. బావిలో పడ్డ చెంబుని పైనుంచి అద్దంతో వెలుగు కొట్టి వెతకడం వేరు, దీపాన్నే బావిలోకి దించి వెతకడం వేరు. ఆయన చేసింది రెండోది.

అయితే పనిముట్టు చేతికొస్తే పనితనం వచ్చేసినట్టు కాదు. తొలిరోజుల్లో ఆయన గొట్టం చూసి మోజుపడి, సరైన అభ్యాసం లేకుండా వాడిన వైద్యుల చేతుల్లో రోగులకి ప్రాణం మీదకి వచ్చింది. దాంతో నేర్పకుండా పనిముట్టు ఇవ్వకూడదని ఆయనకి తెలిసొచ్చింది. అందుకే ఆ తర్వాత జీవితమంతా పాఠాలు చెబుతూనే ఉన్నాడు. ఒక దశలో ఫిలడెల్ఫియాలో అయిదు వైద్య కళాశాలల్లో ఒకేసారి ఆచార్య పదవిలో ఉన్నాడు.

ఆయన పద్ధతి వింటే మీకు నచ్చుతుంది. ఏ వస్తువు మింగారో, అచ్చం అలాంటిదే ఇంకొకటి తెమ్మనేవాడు. అదే గుండీ, అదే పిన్నీసు. దాన్ని గొట్టంలో పెట్టి, ఎటు పట్టుకుంటే జారదు, ఎటు తిప్పితే గీరుకోదు అని ముందు బయట సాధన చేసేవాడు. చేతికి పూర్తిగా వచ్చాకే పిల్ల దగ్గరికి వెళ్లేవాడు. తెరుచుకున్న పిన్నీసు మొన పైకి ఉంటే మరీ కష్టం. లాగితే గుచ్చుకుంటుంది. దానికీ ఉపాయాలు కనిపెట్టి, రకరకాల పటకారులు చేయించాడు. తీసిన ప్రతి వస్తువునీ దాచి, ఎవరికి, ఎంత వయసులో, ఎలా జరిగిందో రాసిపెట్టేవాడు. ఆ సొరుగులు వింతలు పోగేసే సరదా కొద్దీ పుట్టినవి కావు. ఇలా ఇలా జరుగుతుంది, జరగకుండా చూసుకోండి అని చెప్పే సాక్ష్యాలు. ఆయన లెక్కలో చాలా ప్రమాదాలకి మూలం అజాగ్రత్తే. తినే వస్తువు కానిది నోట్లో పెట్టుకోవడం పెద్దలు మానితే పిల్లలూ మానతారనేవాడు. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ పిన్నీసు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడే మనందరికీ ఆ చురక తగలాలి.

మా తమ్ముడి కథలో ముడి విప్పింది కూడా ఆయనే. వస్తువు లోపలికి పోగానే దగ్గు ముంచుకొస్తుంది. తర్వాత అది ఒకచోట కుదురుకోగానే దగ్గు ఆగిపోతుంది. పిల్లాడు ఆడుకుంటాడు, తల్లి మరచిపోతుంది. ఈ నిశ్శబ్దమే మోసం. రోజులకో వారాలకో కూతలూ, జ్వరమూ వస్తాయి. అప్పటికి పాత సంగతి ఎవరికి గుర్తు? అందుకే పిల్లికూతలు వచ్చిన ప్రతిదీ ఉబ్బసం కాదని ఆయన వైద్యులకి నూరిపోశాడు. ఆ మాట నేటికీ వైద్యవిద్యార్థుల నోట ఉంది. వేరుశనగపప్పు మరీ గడుసుది. ఎక్స్‌రేలో కనబడదు. పైగా దాని నూనె చిన్నపిల్లల ఊపిరిదారిని మంటపెట్టి వాపు తెస్తుంది. లోహపు ముక్క కంటే పప్పుబద్ద ఎక్కువ కీడు చేయగలదన్న మాట. ఫోటోలో లేదు కాబట్టి లోపలా లేదన్న మా ఊరి డాక్టరు గారిని నేనిప్పుడు తిట్టను. కానీ ఫోటో చెప్పలేని సంగతి గుమ్మం పక్కనున్న ముసలావిడ చెప్పింది. వినిపించుకోలేదు, అంతే.

జాక్సన్ మనసు తెలియాలంటే ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ కాలపు అమెరికా ఇళ్లల్లో సబ్బు కాచడానికీ, తూములు శుభ్రం చేయడానికీ లై అనే ఘాటైన క్షారం ఉండేది. మన కాస్టిక్ సోడా జాతిది. చూడ్డానికి పంచదారలా ఉండేది. పిల్లలు నోట్లో వేసుకునేవారు. గొంతు కాలి, మానేటప్పుడు ఆహారనాళం ముడుచుకుపోయేది. అలా మంచినీళ్లు కూడా దిగని ఏడేళ్ల పేదపిల్ల ఒకతి ఆయన దగ్గరికొచ్చింది. గొట్టంతో అడ్డం తీశాడు. నర్సు గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆ పిల్ల ఎప్పటిలాగే వెనక్కి వస్తాయనుకుంటూ ఒక గుక్క తాగింది. దిగాయి. ఇంకో గుక్క. అవీ దిగాయి. అప్పుడు గ్లాసుని మెల్లిగా పక్కకి జరిపి, ఆయన చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుందట. ఈ సంగతి 1938లో అచ్చయిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు.

ఇంకొకరైతే ఆ ముద్దుతో తృప్తిపడేవారు. ఆయన పడలేదు. ఎంతమందికని గొంతులు బాగుచేస్తాం, డబ్బా మీద విషం అని రాయించలేమా అని పట్టుబట్టాడు. ఏళ్ల తరబడి చట్టసభల చుట్టూ తిరిగాడు. చివరికి 1927లో అమెరికాలో చట్టం వచ్చింది. అలాంటి క్షారాలూ ఆమ్లాలూ అమ్మే డబ్బా మీద "విషం" అని స్పష్టంగా ఉండాలి, మింగితే ఏం చేయాలో కూడా రాయాలి. కిరసనాయిలు కూల్‌డ్రింకు సీసాలో, పాయిఖానా కడిగే యాసిడ్ మంచినీళ్ల సీసాలో పోసిపెట్టే మన అలవాటు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. డబ్బా మీద రాయించడానికి ఒకాయన జీవితం ధారపోస్తే, మనం ఆ డబ్బాలోంచి తీసి పేరులేని సీసాలో పోస్తున్నాం!

ఆయన 1958లో పోయాడు. ఆ దారి మాత్రం ఆగలేదు. 1960లలో జపాన్‌లో ఇకెడా వంగే గొట్టం తెచ్చాడు. 1974లో హైమ్లిక్ అనే అమెరికా వైద్యుడు పొట్ట మీద నొక్కి అడ్డం పడ్డదాన్ని బయటికి తన్నే ఉపాయం ప్రకటించాడు. 1980 నుంచి అమెరికాలో మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి ఒక పరీక్ష పెట్టారు. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టే ముక్క ఏదీ ఆ బొమ్మలో ఉండకూడదు. మన దేశంలోనూ 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. తిరునాళ్లలో, బస్టాండు బల్లల మీద కొనేటప్పుడు ఆ గుర్తు ఎంతమందిమి వెతుకుతున్నాం?

జాక్సన్ కాలంలో లేని కొత్త శత్రువు కూడా వచ్చింది. రిమోట్లలో, మోగే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ. అది ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చడం మొదలుపెడుతుంది. మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, రేపటిదాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇక మనం ఇంట్లో చేయాల్సింది. పిల్ల గట్టిగా దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి, దగ్గుని మించిన మందు లేదు. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అది ఇంకా లోపలికి పోతుంది. నెట్టుకుపోతుందని అరటిపండు పెట్టొద్దు. ఏడుపు రాక, మాట రాక, నీలంగా మారితే మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయొద్దు. ఏడాది లోపు పిల్లయితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెక్కల మధ్య 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఒక అరచేతి మడమతో రొమ్ము మధ్య 5 నొక్కులు. ఏడాది దాటినవాళ్లకి వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి పైన లోపలికీ పైకీ 5 నొక్కులు. వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూ, పక్కవాళ్లని 108కి ఫోన్ చేయమనండి. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు. ఎక్కడైనా నేర్పుతుంటే వెళ్లి ఒకసారి చేతులతో చేసి చూడండి.

దగ్గు తగ్గిపోయినా డాక్టరుకి చూపించండి. చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇక్కడే మన ఆడవాళ్లం తడబడతాం. అత్తగారు ఏమంటారో, మొగుడు ఏమంటాడో, "చూసుకోకుండా ఏం చేస్తున్నావు?" అంటారేమో అని సగం మింగేస్తాం. పిల్ల మింగినదానికంటే అది ప్రమాదం. నేను మింగిన మాట నెల్లాళ్లు నా గొంతులోనే ఉంది. అంతకాలమూ పప్పుబద్ద మా తమ్ముడి ఊపిరిలో ఉంది. ఆ పెద్దాయన అడక్కపోతే రెండూ అలాగే ఉండిపోయేవేమో. ఇంట్లో పెద్దవాళ్లు కూడా తిట్టడం తర్వాతకి వాయిదా వేసుకుని, ముందు "ఏం చూశావమ్మా?" అని అడగండి. చిన్నపిల్లల్ని కూడా.

మొన్న పండక్కి తమ్ముడు వచ్చాడు. భోజనాల దగ్గర పులిహోరలో వేరుశనగపప్పు తగిలిందో ఏమో, పొలమారింది. మా మనవరాలు పరుగున వచ్చి వాడి నెత్తి మీద తట్టి, "తాతయ్యా, నిన్నెవరో తలుచుకుంటున్నారు" అంది.

"నన్నెవరు తలుచుకుంటారే? నేనే తలుచుకోవాలి ఒకాయన్ని" అన్నాడు వాడు, నీళ్ల గ్లాసు అందుకుంటూ.

"ఎవర్ని తాతయ్యా?"

వాడు నావైపు చూశాడు. "జాక్సనయ్యని" అన్నాం ఇద్దరం.